నాలుగో విజిల్ కింద సంతకం

పోయినవి మొత్తం నూట నలభై మూడు కామిక్ స్ట్రిప్పులు. ఒక్కోదానికి నాలుగు గడుల చొప్పున ఐదు వందల డెబ్భై రెండు బొమ్మలు కావాలి గానీ, పదకొండింటికి మూడే గడులు ఉండేవి కాబట్టి ఐదు వందల అరవై ఒకటి. వాటిని గీసిన కాగితాలు పోయాయి. వాటిని కంప్యూటర్లోకి ఎక్కించిన నెట్ సెంటర్ పోయింది, ఇప్పుడక్కడ ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. వాటిని పెట్టిన వెబ్‌సైటు పోయింది. బొమ్మల కింద ఎక్కడెక్కడి వాళ్ళో రాసిన వ్యాఖ్యలు పోయాయి, అవెన్నో నేను లెక్కపెట్టలేదు. ఆ బొమ్మల్లో ఉన్న మా బాబాయ్ పోయాడు. ఇవన్నీ పోయిన పద్దు కింద రాసేసి లెక్క ఎప్పుడో మూసేశాను. మూసిన లెక్కను తెరిపించింది మా మేనకోడలు షారోన్.

షారోన్ మా పిన్ని కొడుకు ప్రేమ్ కూతురు. డిగ్రీ రెండో సంవత్సరం. పంజాగుట్టలో, ఫ్లైఓవర్ దిగగానే ఎడమవైపు సందులో వాళ్ళ ఫ్లాటు. ఆదివారం చర్చి అయ్యాక భోజనానికి వెళ్ళాను. ప్రేమ్‌కి ఆసుపత్రి బిల్లింగ్ కౌంటర్లో ఆదివారం కూడా డ్యూటీ, ఇంకా రాలేదు. పిన్ని దివాన్ మీద కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. షారోన్ నా పక్కన చేరి, "అత్తా, నీకు ఖాళీ దొరికితే ఏం చదువుతావు?" అంది.

"జీఎస్టీ నోటీసులు."

"ఛీ. నీకు మూడు వెబ్ కామిక్స్ చెప్తా. వారం వారం ఫాలో అవ్వాలి, మధ్యలో వదిలెయ్యొద్దు" అని నా ఫోన్ లాక్కుని యాప్ ఒకటి ఎక్కించింది.

మొదటిది ఒక కంపెనీ మేనేజరును పెళ్ళాడిన రక్తపిశాచి కథ. రెండోది చచ్చిపోయి ఇంకో లోకంలో రాణిగా పుట్టిన వంటమనిషి కథ. రెండింట్లోనూ ఆడవాళ్ళందరికీ ఒకటే ముక్కు, మగవాళ్ళందరికీ ఒకటే గడ్డం. వేలితో తోస్తూ పోతే బొమ్మ తర్వాత ఖాళీ, ఖాళీ తర్వాత ప్రకటన, ప్రకటన తర్వాత మళ్ళీ గాలికి ఎగురుతున్న జుట్టు. ఎపిసోడ్ మొత్తంలో మాటలున్న బొమ్మలు తొమ్మిది. కథ రుచి తగిలేసరికి తాళం కప్ప బొమ్మ వచ్చి, తెరవాలంటే నాణేలు కొనమంది. జిడ్డు పట్టిన స్టీలు గ్లాసులో నీళ్ళు తాగినట్టు అనిపించింది నాకు.

"సరే, ఈ మూడోది చూడు. ఇది మాత్రం మస్తుంటది. మన ఇళ్ళల్లో జరిగేవే."

"మస్తేంటే? చక్కగా బావుంటుంది అనలేవూ?" అంది పిన్ని, తల ఎత్తకుండానే.

మూడో దాని పేరు 'కుక్కర్ అంకుల్'. బనీను వేసుకున్న సన్నటి పెద్దాయన కిటికీ దగ్గర నిలబడి, అయిపోయిన టూత్‌పేస్టు ట్యూబును బ్లేడుతో నిలువునా చీరుస్తున్నాడు. వంటింట్లోంచి కుక్కర్ కూసింది. ఆయన "రెండు" అన్నాడు. భార్య "మూడు" అంది. "రెండే. మొదటిది ఆవిరి, విజిల్ కాదు" అన్నాడాయన. ఆ మాట నేను ఏ తెర మీదా చదవకముందే నా చెవులతో విన్నాను. అది మా బాబాయ్ మాట. ముక్కు మార్చారు, నుదుట బొట్టు పెట్టారు, చేతికి పెద్ద ఉంగరం తొడిగారు, రంగులు పులిమారు. కానీ ఆయన వెనక గోడ మీద మూడు గాడులున్న చెక్క పలక ఉంది. అందులో సున్నా, రెండు, ఏడు.

తర్వాతది తెరిచాను. పలక మీద 031. ఆ తర్వాత 034.

"ఇది ఎవరు గీశారే?"

"ఏమో. యాప్ వాళ్ళదే అనుకుంటా, టీమ్ ఉంటదంట."

"గీసిన వాళ్ళ పేరు లేదేంటి?"

"పేరు ఎవరు చూస్తరు అత్తా?" అంది షారోన్ మామూలుగా. ఆ పిల్ల తప్పు కాదు. అక్కడ పేరు రాయడానికి చోటే లేదు.

ఇంటర్ అయ్యాక మా నాన్న ఇక చదివించలేనంటే నేను పిన్ని దగ్గరికి వచ్చాను. అమీర్‌పేటలో మైత్రీవనం వెనక సందులో, మేడ మీద రెండు గదులు. కింద వాటాలో కోచింగ్ కుర్రాళ్ళ హాస్టలు. మెట్ల మీద ఆరని తువ్వాళ్ళ వాసన, సందులోంచి జిరాక్స్ మిషన్ల వేడి వాసన, మా వంటింట్లోంచి చింతపండు మరుగుతున్న వాసన మూడూ మా వరండాలో కలిసేవి. బాబాయ్ పంజాగుట్టలో ఒక ఆసుపత్రి మందుల స్టోర్లో గుమస్తా. ఆయన ఇంటికి తెచ్చే పాత స్టాకు కాగితాలు చూసి, ఇంత వచ్చింది, ఇంత పోయింది, ఇంత ఉండాలి, ఎందుకు లేదు అని అడుక్కుంటూ నేను లెక్కలు నేర్చుకున్నాను. నాకు డిగ్రీ లేదు. ఈ రోజు అమీర్‌పేటలో తొమ్మిది కొట్ల లెక్కలు చూస్తున్నానంటే ఆ కాగితాల పుణ్యమే.

బాబాయ్‌కి ఏదీ వృథా కాకూడదు. స్కూటర్ ఆగిపోతే పక్కకు వంచి చివరి చుక్క పెట్రోలు కార్బొరేటర్లోకి రప్పించి ఇంటిదాకా తెచ్చేవాడు. సబ్బు అరిగిపోతే కొత్త సబ్బు వీపున అతికించేవాడు. అన్నిటికన్నా ముఖ్యం కుక్కర్. అన్నానికి మూడు విజిళ్ళు, పప్పుకు నాలుగు. ఇంట్లో ఏ మూల ఉన్నా, ఏం చేస్తున్నా, ఆ లెక్క ఆయనదే. భోజనాల ముందు ప్రార్థన చేసేవాడు గదా, కళ్ళు మూసుకుని, "ప్రభువా, మా యీ ఆహారమును, మూడు, ఆశీర్వదించుము" అనేవాడు. పిన్ని కళ్ళు తెరవకుండానే "నాలుగు" అనేది. ఆయన ఆమేన్ అనకుండా "మూడే" అనేవాడు. ఇంకో కూత కూసేదాకా మేమంతా తలలు వంచుకుని ఉండాల్సిందే. ప్రేమ్‌కి నవ్వు ఆగక భుజాలు కదిలేవి. దేవుడు కూడా ఆ నాలుగో విజిల్ కోసం ఆగుతున్నట్టే ఉండేది.

ఆ చెక్క పలక కూడా బాబాయ్ తెచ్చిందే. చర్చిలో ఆ రోజు పాడే కీర్తనల నంబర్లు పెట్టే పలక. చర్చికి కొత్తది కొన్నప్పుడు పాతదాన్ని స్కూటర్ ముందు నిలబెట్టుకుని ఇంటికి తెచ్చి, ముందు గదిలో మేకుకు తగిలించాడు. గ్యాసు సిలిండరు బిగించి ఎన్ని రోజులైందో దాని మీద పెట్టేవాడు. వచ్చినవాళ్ళు అదేదో కీర్తన అనుకుని మర్యాదగా చూసేవాళ్ళు.

ప్రేమ్ అప్పుడు డిగ్రీ చదువుతూ, చదువుకన్నా ఎక్కువ సేపు యాదగిరి అన్న నెట్ సెంటర్లో ఉండేవాడు. మా సందు చివర, ప్లైవుడ్ గదులు ఆరు. ఇంటర్నెట్లో కామిక్స్ ఉంటాయని, వాటిని వారం వారం చదవొచ్చని నాకు తెలిసింది అక్కడే. ఎవరికి మంచి కామిక్ దొరికినా గల్లా వెనక గోడ మీద స్కెచ్ పెన్నుతో రాయాలి. ఏ వారం వస్తుంది, ఏం కథ, ఎవరు గీస్తారు. సోమవారం, నత్తలు పనిచేసే ఆఫీసు. బుధవారం, మంచు ఊళ్ళో దయ్యాల పోస్టాఫీసు. శుక్రవారం, ఇద్దరు ముసలి అక్కచెల్లెళ్ళు నడిపే రైలు. చెప్పిన రోజున వరసగా మూడుసార్లు రాకపోతే యాదగిరి అన్న ఆ పేరు కొట్టేసేవాడు. ఒకసారి ప్రేమ్ కథ పేరు రాసి గీసినవాడి పేరు వదిలేశాడు.

"గీసినోని పేరేది?" అన్నాడు యాదగిరి అన్న.

"చాలా పొడుగు అన్నా, విదేశీ పేరు."

"పొడుగైతేంది? ఆడు గీసిండు, నువ్వు సూస్తున్నవ్. పేరు రాయకుంటే నా గోడ ముట్టకు తమ్మీ."

ప్రేమ్ మళ్ళీ లోపలికి వెళ్ళి, ఆ పేజీ తెరిచి, అక్షరం అక్షరం చూసుకుంటూ ఆ పేరు రాశాడు. బొమ్మలు మెల్లగా, పై నుంచి కిందికి కొంచెం కొంచెంగా దిగే రోజులవి. "బొమ్మ మొత్తం దిగినంకనే టైం షురూ చేస్త, ఫికర్ చెయ్యకు" అనేవాడు యాదగిరి అన్న. ఇప్పుడు తాళం కప్పలు వేసి కథ మధ్యలో చెయ్యి చాపేవాళ్ళను చూస్తే ఆయనే గుర్తొస్తాడు.

చదివి చదివి ప్రేమ్ తనే గీయడం మొదలుపెట్టాడు. పేరు 'నాలుగో విజిల్'. ప్రతి గురువారం ఒకటి. కాగితం బాబాయ్ తెచ్చిన స్టాకు షీట్ల వెనకవైపు. బొమ్మకో నంబరు ఉండాల్సిందే అని నేను పట్టుబట్టాను. ఏది ముందో ఏది వెనకో తెలియని సరుకు నాకు నచ్చదు. "నంబరు వేస్తే బొమ్మ పాడవుతుందక్కా" అని రెండు రోజులు అలిగి, చివరికి గోడ మీద పలక గీసి అందులో పెట్టాడు. చూసేవాళ్ళకు అది గ్యాసు లెక్క. మాకు వరస నంబరు. ఆ సంగతి తెలిసినవాళ్ళం నలుగురమే.

సంతకం మాత్రం పెట్టలేదు. పెట్టబోతే బాబాయ్ చెయ్యి పట్టుకుని ఆపాడు. "ఒరేయ్, అది ఆఫీసు కాగితం. దాని మీద సంతకం పడితే రికార్డు అవుతుంది. రికార్డయితే ఫైలు చెయ్యాలి. రేపు ఆడిట్ వాడు అడిగితే నేనేం చెప్పను, మా వాడు నా బనీను బొమ్మ గీశాడనా?" వినడానికి నవ్వులాట గానీ ఆయన నిజంగానే అన్నాడు. ఆఫీసు కాగితం ఆఫీసుకే వెళ్ళాలన్నదీ ఆయన పట్టుదలే. యాదగిరి అన్న స్కాన్ చేసి ఇవ్వగానే ఆ షీట్లను కట్టగట్టి స్టోరుకు తీసుకెళ్ళి, చిత్తు కాగితాల తూకంలో కలిపేవాడు. తక్కువ తూగితే ఆయనకు నిద్రపట్టదు. అలా అసలు బొమ్మలు వారం వారం చిత్తులోకి పోయాయి. ప్రేమ్ పేరు వెబ్ పేజీ పైన మాత్రం ఉండేది, 'గీసినది: ప్రేమ్ కుమార్, అమీర్‌పేట' అని. యాదగిరి అన్న గోడ మీద కూడా ఉండేది, గురువారం గడిలో, అందరికన్నా పెద్ద అక్షరాలతో.

కొన్నాళ్ళకు ఆ ఉచిత వెబ్‌సైటు మూతపడుతోందని ప్రకటన వచ్చింది. ఎవరివి వాళ్ళు దాచుకోండి అన్నారు. నేనా రోజు కొట్టు లెక్కల్లో ఉన్నాను. ప్రేమ్ ఒక్కడే కూర్చుని, బ్రౌజర్‌లో గుర్తు పెట్టుకున్న పేజీలన్నిటినీ ఒక్కొక్కటిగా ఫ్లాపీలోకి లాగాడు. అంతా అయ్యాక ఇంటికి పరిగెత్తుకొచ్చి, "నాన్నా, నూట నలభై మూడూ ఒక్క ఫ్లాపీలో పట్టేశాయి!" అన్నాడు. బాబాయ్‌కి చెప్పలేనంత ఆనందం. రెండో ఫ్లాపీ కొనే పని తప్పింది. సైటు పోయిన చాలా రోజుల తర్వాత ఫ్లాపీ తెరిస్తే తెలిసింది, అందులో ఉన్నవి బొమ్మలు కావు, బొమ్మలుండే చిరునామాలు. ఏది నొక్కినా పేజీ దొరకలేదనే వచ్చింది. ఒక్క స్కాను డెబ్భై కేబీ ఉంటే నూట నలభై మూడు స్కాన్లు పది వేల కేబీ. ఫ్లాపీలో పట్టేది అందులో ఏడో వంతు. ఆ గుణకారం ఆ రోజు మా ఇంట్లో ఎవరూ చెయ్యలేదు. ప్రేమ్ ఆ తర్వాత పెన్సిలు పట్టలేదు. బాబాయే సిఫారసు చేసి ఆసుపత్రిలో ఉద్యోగం ఇప్పించాడు.

అంతా పోయిందనుకున్నాం. మాకన్నా జాగ్రత్తగా దాచుకున్నవాడు ఇంకెవడో ఉన్నాడని ఆ ఆదివారం దాకా తెలియలేదు.

ప్రేమ్ డ్యూటీ నుంచి వచ్చి, లంచ్ బాక్సు చేతిలో ఉండగానే ఫోన్ చూశాడు. చాలాసేపు చూశాడు. "నాన్నకి బొట్టు బాగానే ఉంది" అన్నాడు.

"డాడీ, ఇది నువ్వు గీశావా?" అంది షారోన్. "నాకెప్పుడూ చెప్పలేదేంటి?"

"చూపించడానికి ఒక్కటీ లేదమ్మా. ఉత్తినే చెప్తే నమ్మేదానివా?"

షారోన్ ఫోన్ వంకా, వాళ్ళ నాన్న వంకా మార్చి మార్చి చూసింది. ఆ చూపు ప్రేమ్‌కీ అర్థమైంది, నాకూ అర్థమైంది. పిన్ని కళ్ళజోడు పెట్టుకుని ఫోన్ తీసుకుంది. "ఇంత అంచు చీర మీ బాబాయ్ నాకెప్పుడు కొన్నాడే? అబద్ధాలు" అంది. తర్వాత గొంతు తగ్గించి, "విజిళ్ళు మాత్రం ఆయనవే" అంది.

"వదిలెయ్ అక్కా" అన్నాడు ప్రేమ్. "ఎవడో చేసుకుని బతుకుతున్నాడు."

నేను వదల్లేదు. నేను చెబుతుంటే షారోన్ ఇంగ్లీషులో యాప్ వాళ్ళకు ఫిర్యాదు రాసింది. అప్పటికి అరవై ఒక్క ఎపిసోడ్లు వచ్చాయి. చర్చి కథలున్నవి వదిలేసి మిగతావి వరసగా వాడుకుంటున్నారు. ఏ ఎపిసోడ్ గోడ మీద ఏ నంబరుందో అరవై ఒక్కటీ రాయించాను. అవి ఎందుకున్నాయో మీకు తెలియదు, మాకు తెలుసు, మధ్యలో తప్పిపోయిన నంబర్లలో ఏ కథలుండేవో కూడా చెబుతాం అన్నాను. మేం అడిగింది ఒక్కటే, ప్రతి ఎపిసోడ్ కింద గీసినవాడి పేరు. షారోన్ చివర్లో తనంతట తానే, 'ఆయన మా నాన్న' అని కలిపింది.

నాలుగో రోజున జవాబు వచ్చింది. మూడు వాక్యాలు. మా కథలపై మీ అభిమానానికి ధన్యవాదాలు. తేదీ, సంతకం ఉన్న అసలు బొమ్మలు పంపితే పరిశీలిస్తాం. ఈలోగా విలువైన పాఠకురాలిగా మీకు పది నాణేలు ఉచితం. ఆ పది నాణేలూ నా ఫోన్ తెర మీద పై మూలన మెరుస్తూ వచ్చి కూర్చున్నాయి. ఎవరో ఉమ్మి పక్కకు తప్పుకున్నట్టు ఉంది.

ఆ గురువారం షారోన్ కాలేజీ నుంచి ఫోన్ చేసింది. "అత్తా, పలక చూడు. చెరిపేసిండ్రు."

తెరిచి చూశాను. ఒక్కటి వదలకుండా అరవై ఒక్కటీ చూశాను. నంబర్లు లేవు. కొన్నింట్లో ఉత్త చెక్క. కొన్నింట్లో పలక తీసేసి గోడ గడియారం పెట్టారు. అన్ని గడియారాల్లోనూ పదీ పది. బాబాయ్ పొద్దున ట్యూబు చీరుస్తున్నా పదీ పదే, సాయంత్రం స్కూటర్ వంచుతున్నా పదీ పదే. దొంగిలించినప్పుడు తెలియక దొంగిలించాడేమో అనుకోవడానికి అంతవరకు కొంత వీలుండేది. తుడిచిన చేతికి ఆ వీలు లేదు. మళ్ళీ రాశాం. ఈ ఫిర్యాదు ఇప్పటికే పరిష్కరించబడినది అని వచ్చింది.

మర్నాడు మధ్యాహ్నం ప్రేమ్ నేను లెక్కలు చూస్తున్న కొట్టుకు వచ్చాడు. మెట్రో దిగి, ఎండలో నడిచి వచ్చినట్టున్నాడు, చొక్కా తడిసి ఉంది. ఎప్పుడూ రాడు.

"నంబర్లు తీసేశారంట?"

"తీసేశారు."

"అంటే వాళ్ళకి తెలుసన్నమాట."

"తెలుసు."

కొట్టతను తెప్పించిన చాయ్ తాగకుండా చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. "అక్కా, కాపీ కొట్టాడంటే నాకేం అనిపించలేదు. బానే గీశానన్నమాట అనుకున్నా. కానీ తుడిచాడు చూడు..." అని గ్లాసు బల్ల మీద పెట్టేశాడు. "ఇప్పుడు మాత్రం వదలకు."

అందుకే వదలడం లేదు. నెలకోసారి షారోన్, నేను కూర్చుని మళ్ళీ రాస్తాం. ఏ కామిక్స్ ఫాలో అవ్వాలని షారోన్ స్నేహితురాళ్ళు ఇప్పుడు నన్నే అడుగుతున్నారు. గీసినవాళ్ళ పేరున్నవి, చెప్పిన రోజున వచ్చేవి, ఎక్కడో ఒక చోట అయిపోయేవి చదవండమ్మా అంటాను. అలాంటివి వెతికి నాలుగు చెప్పాను కూడా, నాలుగింటికీ గీసినవాళ్ళ పేర్లతో సహా. నేను మాత్రం తప్పకుండా వారం వారం చదివేది ఈ దొంగదాన్నే. పిన్నికి చదివి వినిపించేదీ ఇదే. ఎంత రోత పుట్టినా, మా బాబాయ్ విజిళ్ళు లెక్కపెట్టడం చూడాలంటే మాకు ఈ లోకంలో ఇంకో చోటు లేదు. వాళ్ళ ముక్కూ బొట్టూ ఉంగరమూ తీసేసి చూసుకుంటాం. నంబరు లేకపోయినా ఏది ఎన్నోదో నాకు తెలుసు.

కొత్తది నిన్న వచ్చింది. బాబాయ్ సబ్బుకు సబ్బు అతికిస్తున్నాడు. కింద పేరు లేదు. దానితో కలిపి వాళ్ళు ప్రేమ్ కుమార్ పేరు రాయవలసిన చోట్లు, ఈ రోజుకి, అరవై ఎనిమిది.